శనైశ్చరుని ఋణం

'శనైః చరతి ఇతి శనైశ్చరః' అని వ్యుత్పత్తి. మెల్లగా సంచరించేవాడని అర్థం. ఈ నామంలో ఈశ్వర శబ్దం లేదు. ఉన్నది 'చర' శబ్దమే. జనవ్యవహారంలో అది 'శనీశ్వరుడు'గా మారి, భయానికి తగిన గాంభీర్యాన్ని సంతరించుకున్నది. మందుడు, పంగువు అనే నామాలు కూడా అతని నడకను చెప్పేవే. రాశిచక్రాన్ని ఒకసారి చుట్టి రావడానికి అతనికి దాదాపు 29½ సంవత్సరాలు పడుతుంది. ఒక్కొక్క రాశిలో సుమారు రెండున్నర సంవత్సరాలు నిలుస్తాడు. అందులోనూ ఏటా నాలుగున్నర మాసాల పాటు వక్రగతిలో ఉంటాడు.

జన్మరాశికి ద్వాదశంలో, జన్మరాశిలో, ద్వితీయంలో అతడు సంచరించే ఏడున్నర సంవత్సరాలే ఏలినాటి శని. ఈ మాట వినగానే గృహస్థుల ముఖాలు వాడిపోతాయి. అయితే గణితాన్ని ఒక్క క్షణం ఆలోచించాలి. ద్వాదశ రాశులలో మూడింటికి ఏలినాటి, ఒకదానికి అర్ధాష్టమం, మరొకదానికి అష్టమం ఎల్లప్పుడూ ఉండే తీరుతాయి. దృగ్గణితం ప్రకారం 2025 మార్చి 29న శని మీనరాశిలో ప్రవేశించినప్పుడు కుంభ, మీన, మేష రాశులవారికి ఏలినాటి, ధనూరాశికి అర్ధాష్టమం, సింహరాశికి అష్టమం అయ్యాయి. పన్నెండింట అయిదు! గోచారం ఒక్కటే సర్వమూ నిర్ణయించేదైతే లోకంలో దాదాపు సగంమంది ఏకకాలంలో విపత్తులో మునిగి ఉండవలసినదే. దీర్ఘాయుష్మంతునికి ఏలినాటి మూడు పర్యాయాలు రావచ్చు. వివాహాలు, గృహప్రవేశాలు, సంతానోదయాలు ఆ సంవత్సరాలలోనే ఎన్ని జరగడం లేదు!

శాస్త్రం ఇంత స్థూలంగా చెప్పలేదు. గోచారఫలాన్ని జాతకంతో, నడుస్తున్న దశతో, అష్టకవర్గ బిందువులతో సమన్వయించి చూడమన్నది. వృషభ, తులా లగ్నాలకు శని యోగకారకుడు. స్వక్షేత్రంలోగాని ఉచ్చలోగాని ఉండి అది కేంద్రమైతే శశ మహాపురుషయోగం. వింశోత్తరిలో అతని దశ 19 సంవత్సరాలు. ప్రాణాపహారి అని లోకం భయపడే ఈ గ్రహమే ఆయుష్కారకుడు కావడం విశేషం.

అసలు విచారించవలసినది అతని కారకత్వాలను. గ్రహమండలాన్ని రాజసభగా భావించిన పూర్వులు రవిచంద్రులను రాజదంపతులుగా, కుజుని సేనానిగా, బుధుని యువరాజుగా, గురుశుక్రులను మంత్రులుగా నిలిపి, శనిని భృత్యునిగా నిర్దేశించారు. సేవకులు, శ్రామికులు, వృద్ధులు, వికలాంగులు, ఇనుము, తైలం, తిలలు, జీర్ణవస్త్రం, దుఃఖం అన్నీ అతని అధీనాలు. రవి ఉచ్చపొందే మేషంలో శని నీచుడు. శని ఉచ్చపొందే తులలో రవి నీచుడు. సూర్యుడు తండ్రి, శని ఛాయాపుత్రుడు. ఒకడు రాజు, ఒకడు భృత్యుడు. భృత్యునికి ఉచ్చస్థానంగా లభించిన రాశికి తులయే చిహ్నం కావడం యాదృచ్ఛికమని ఎవరైనా అనుకోవచ్చు. ఉపాసకునికి మాత్రం అది పెద్ద పాఠం.

నలోపాఖ్యానాన్ని ఈ దృష్టితో చూడవలసి ఉన్నది. కారైకాల్ సమీపంలోని తిరునళ్ళారు స్థలపురాణం నలుని పీడించినవాడు శని అంటుంది. అక్కడి నలతీర్థంలో స్నానమాచరించడానికి మన ప్రాంతాలనుండి కూడా ఎందరో వెళతారు. వ్యాసుని అరణ్యపర్వంలో నలుని ఆవేశించినవాడు కలిపురుషుడు. పేరు ఏదైనా, జరిగినది ఒక్కటే. నిషధరాజు బాహుకుడై ఋతుపర్ణుని కొలువులో గుర్రాలను తోలాడు, వంట వండాడు. ఏలినవాడు ఊడిగం చేశాడు. అక్షహృదయం అతనికి లభించినది సారథిగా పగ్గాలు పట్టిన ప్రయాణంలోనే. కలి అతనిని విడిచినదీ అప్పుడే.

కోనసీమలోని మందపల్లిలో భక్తులు తైలాభిషేకం చేసేది శివలింగానికి. అశ్వత్థ, పిప్పలులనే రాక్షసులను సంహరించిన పిదప శని స్వయంగా ప్రతిష్ఠించిన లింగమని స్థలపురాణం. కనుకనే ఆ స్వామి మందేశ్వరుడు. శనిత్రయోదశినాడు అక్కడ నువ్వులనూనెతో నేల జారుతుంటుంది. అభిషేకం ముగించి వెనుదిరిగి చూడకుండా పరుగు తీసేవారు ఒక్క విషయాన్ని మరచిపోతారు: అక్కడ గ్రహమూ అర్చకుడే. కర్మఫలాన్ని అందించేవాడు కూడా పూజాద్రవ్యం చేతబట్టి ఈశ్వరుని ముందు నిలిచాడు.

శాంతికి వేలకు వేలు వెచ్చించాలన్న నియమం ఏదీ లేదు. గుప్పెడు నల్లనువ్వులు, ఒక దీపం, శనివార నియమం చాలు. నీలం ధరించడం మాత్రం జాతక పరిశీలన లేకుండా తగదు. అమ్మేవాని సలహా పరిశీలన కాదు.

ఒక గ్రామదేవాలయంలో జరిగిన విషయమిది. అష్టమశని నడుస్తున్న ఒక మిల్లు యజమాని పెద్ద డబ్బా నిండా నూనెతో వచ్చాడు. "ఎంత ఖర్చయినా ఫరవాలేదు స్వామీ, గట్టి శాంతి చేయించండి" అన్నాడు. వృద్ధార్చకుడు గోత్రనామాలు అడగలేదు. "మీ మిల్లులో రాత్రి కాపలా ఉండే ముసలాయన ఈమధ్య కనిపించడం లేదేం బాబూ?" అన్నాడు.

"మోకాళ్ళ నొప్పులట స్వామీ. మూడు నెలలుగా రావడం లేదు."

"జీతం?"

"రానివాడికి జీతమేమిటి?"

"ఎన్నేళ్ళుగా ఉన్నాడు మీ దగ్గర?"

"నాన్నగారి కాలంనుంచి."

"కుంటివాడు, వృద్ధుడు, సేవకుడు. శనికి ఇంతకంటే ప్రత్యక్షరూపం ఈ ఊళ్ళో నాకు తెలియదు. ముందు ఆయన ఇంటికి వెళ్ళి రండి బాబూ, తరువాత సంకల్పం చెప్పుకుందాం" అన్నాడు అర్చకుడు.

యజమాని ముఖం ఎర్రబారింది. ప్రక్కనున్నవారు తలలు దించుకున్నారు. ఆలయానికి ఏటా ధూపదీప నైవేద్యాలకు బియ్యం ఇచ్చే ఇల్లు అది. అర్చకునికి ఆ సంగతి తెలియనిది కాదు. డబ్బా మండపంలోనే విడిచి అతడు మాటాడకుండా వెళ్ళిపోయాడు. ఆ పక్షమంతా మిల్లునుండి బియ్యం రాలేదు. అర్చకుడు తన ఇంటి బియ్యమే వండి స్వామికి నివేదన చేశాడు. మూడవ శనివారంనాడు కాపలాదారుని మనుమడు డబ్బా కోసం వచ్చాడు. నూనె తాతగారి చేతిమీదుగా పోయించమని యజమాని చెప్పాడట. మెట్లు ఎక్కలేని ఆ వృద్ధుని ఇద్దరు మిల్లు కూలీలు కుర్చీలో మోసుకుని వచ్చారు.