అల్పవ్యయముతో గృహచిత్రశాల

వినోదమునకై అప్పు చేయుట మన గృహస్థులకు క్రమముగా అలవాటగుచున్నది. వాయిదాలపై కొన్న వస్తువు హాలునకు శోభ తెచ్చినను యజమాని నిద్రను హరించును. కావున మేము టెలివిజనునకు జతగా ఒక కంప్యూటరును కూర్చుకొనదలచి, అక్కఱలేనివేవో ముందుగా విచారించితిమి.

ఆటలకు గాక సినిమాలకే యైనచో వేఱుగా గ్రాఫిక్సు కార్డు వలదు. 2017లో డెస్కుటాపులకు వచ్చిన ఇంటెల్ కేబీలేక్ ప్రాసెసరులలో గ్రాఫిక్సు భాగము గలవి 10 బిట్ల హెచ్.ఇ.వి.సి. వీడియోను సయితము తామే విప్పి చూపగలవు. ఒక కార్యాలయము తీసివేసిన అట్టి చిన్న పెట్టెనే కొంటిమి. 4 జీబీల మెమరీ చాలినది. చప్పుడు చేయు హార్డుడిస్కును మాని చిన్న ఎస్.ఎస్.డి.ని అమర్చితిమి. స్విచ్చు నొక్కినంతట లిబ్రెఎలెక్ నేరుగా కోడి తెఱను చూపును. రెండును వెల లేనివే.

మిగిలిన సొమ్ములో కొంత రిమోటునకు వెచ్చించితిమి. ఇది దుబారా కాదు. మౌసు పట్టనెఱుగని మా అత్తగారు నేడు ఎవరిని బతిమాలక తమకు వలసిన చిత్రమును తామే పెట్టుకొనుచున్నారు. తగ్గింపవలసినది ఆడంబరమునే గాని ఇంటివారి స్వాతంత్ర్యమును గాదు.