రౌతు మెత్తనైతే తప్పేమిటట!

రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్ళ మీద నడుస్తుందట. విన్నారుగా ఈ సామెత? ఈ సామెత కట్టిన పెద్దమనిషి మీకెక్కడైనా తారసపడితే ఒక్కసారి మా ఇంటివైపు పంపండి. ఆయనతో నాకు చాలా పని ఉంది. పనిలో పనిగా "రౌతు కొద్దీ గుర్రం" అన్నాయన్ని కూడా పంపండి. ఆయనకు మాత్రం పెసరట్టు, ఉప్మా పెట్టి మర్యాద చేస్తాను. గుర్రం సంగతి తెలిసినవాడు ఆయనే!

జట్కాబళ్ళు పోయి ఎన్నాళ్ళో అయింది, ఇప్పుడీ గుర్రాల గొడవ ఏమిటంటారా? బాగుంది. మలక్‌పేటలో పందెపు గుర్రాలు లేవూ? హైదరాబాదులోని జాతీయ పోలీసు అకాడమీలో కొత్త ఐపీఎస్‌ల చేత స్వారీ చేయించటం లేదూ? పాడేరు వైపు కొండదారుల్లో సంతకు సరుకులు మోసేవి గుర్రాలు కావూ? విశాఖ బీచ్‌లో మీవాడు ఎక్కుతానని ఇసుకలో దొర్లి ఏడ్చింది దేనికోసం? అయినా గుర్రం గురించి మాట్లాడుకోవటానికి కారణం కూడా చెప్పాలా! గుర్రం ఉంది, మనం ఉన్నాం. చాలదూ?

ముందు దాని పిరికితనం సంగతి చెప్పుకుందాం. నాలుగైదు వందల కిలోల జంతువు. తన్నిందంటే ఎముకలు మిగలవు. అలాంటిది, దారిలో పాలిథిన్ కవరు ఒకటి ఎగిరితే చాలు, ఆమడ దూరం పరిగెడుతుంది. నవ్వకండి. గడ్డి తిని బతికే జీవి. కొమ్ముల్లేవు, కోరల్లేవు. దానికున్నవల్లా నాలుగు కాళ్ళు. అందుకే ముందు పరుగు, ఆ తర్వాత ఆలోచన. లక్షల ఏళ్ళుగా అలా పరిగెత్తినవే బతికి బట్టకట్టాయి. నిలబడి ఆలోచించినవాటిని పులులూ తోడేళ్ళూ తినేశాయి.

ఆ కళ్ళు చూశారా? నేలమీద తిరిగే జంతువుల్లో అంత పెద్ద కళ్ళున్నవి బహు తక్కువ. తలకు చెరోపక్కనా ఉంటాయి కాబట్టి చుట్టూ దాదాపు 350 డిగ్రీలు కనిపిస్తుంది. కనిపించనివి రెండే చోట్లు. ఒకటి తోక వెనక. రెండోది సరిగ్గా నుదుటి ముందు, ముక్కు కింద. మరి మనం చేసేదేమిటి? ఎదురుగా తిన్నగా వెళ్ళి, ఎంతో ప్రేమగా నుదుటి మీద తట్టబోతాం. దాని లెక్కలో ఏం జరిగిందో ఆలోచించండి. ఒక చెయ్యి వచ్చింది, మాయమైంది, ఎక్కడో వచ్చి తగిలింది! ఉలిక్కిపడదూ మరి? పైగా "పొగరుమోతు గుర్రం" అని పేరు పెట్టేస్తాం.

చెవుల ముచ్చట చెప్పకపోతే నాకు నిద్రపట్టదు. రెండు చెవులూ దేనికదే తిరుగుతాయి. ఒకటి మీవైపు, ఒకటి రోడ్డు మీది లారీవైపు. రెండూ ముందుకొస్తే, ఏదో బాగా నచ్చింది. రెండూ వెనక్కి అతుక్కుపోతే మాత్రం, బాబూ, మీరు కాస్త పక్కకు తప్పుకోండి. మన మార్వారీ, కాఠియావాడీ గుర్రాలకైతే చెవుల కొనలు లోపలికి వంగి ఒకదానినొకటి ముట్టుకుంటాయి. ఆ అందం చూసి తీరాలి.

ఇక చర్మం. ఈగ వాలితే, వాలిన చోట మాత్రమే చర్మాన్ని జలదరింపజేస్తుంది. ఎప్పుడైనా గమనించారా? ఈగ బరువు తెలిసే ఒంటికి కొరడా ఎందుకు చెప్పండి!

ఇక్కడికి అసలు కిటుకు దగ్గరకొచ్చాం. గుర్రానికి పాఠం తలకెక్కేది మీరు పట్టు బిగించినప్పుడు కాదు, వదిలినప్పుడు. మళ్ళీ చెప్పమంటారా? వదిలినప్పుడు. దానికి వెనక్కి అడుగు వెయ్యటం నేర్పాలనుకోండి. కాస్త పక్కగా నిలబడి, తలకు కట్టిన తాడును చిన్నగా వెనక్కి పట్టుకోవాలి. గుంజకూడదు. పట్టుకుని ఉండాలి, అంతే. అది తల అటు తిప్పుతుంది, ఇటు తిప్పుతుంది, ముందుకు నెడుతుంది. మీరు అలాగే ఉంటారు. చివరికి ఒంటి బరువు కాస్త వెనక్కి వాలుస్తుంది. ఇంకా అడుగు వెయ్యనేలేదు, వేద్దామా అనుకుంది. అదిగో, ఆ క్షణాన తాడు వదిలెయ్యాలి! "ఓహో, ఇదా వీళ్ళకి కావలసింది" అని దానికి అప్పుడు తెలుస్తుంది. రెండోసారి సగం పట్టుకే అడుగేస్తుంది. ఆ తర్వాత వేలు కదిపితే చాలు.

తల విదిలిస్తుంటే భయపడి వదిలేశారా? విదిలించటం నేర్పారన్నమాట. మూడు కాళ్ళ గుర్రం తయారయ్యేది ఇలాగే. సామెతల పెద్దమనిషి చూసిన రౌతు ఎవరో గానీ, ఆయన మెత్తనివాడు కాదు, వేళ తెలియనివాడు. పాపం ఆ నింద అంతా మెత్తదనం మీద పడింది. అందుకే నా బాధ!

మెత్తగా నేర్పటం ఏదో ఈమధ్య అమెరికావాళ్ళు కనిపెట్టిన ఫ్యాషన్ అనుకునేవాళ్ళున్నారు. కాలిఫోర్నియాలో గుర్రాలకు నేర్పే మాంటీ రాబర్ట్స్ గొప్పవాడే, కాదన్ను. గుండ్రటి కంచెలో, కొత్త గుర్రం తనంతట తానే వచ్చి భుజం పక్కన నిలబడేలా చేస్తాడు. 1989లో ఎలిజబెత్ రాణి విండ్సర్‌కు పిలిపించి మరీ చూసింది. కానీ క్రీ.పూ. 350 ప్రాంతంలోనే గ్రీకు దేశపు జెనోఫన్ గుర్రాల మీద ఒక పుస్తకం రాసిపెట్టాడు. ఆయన యుద్ధాలు చేసిన మనిషి సుమండీ, మెతక మనిషి కాదు. కోపంగా ఉన్నప్పుడు గుర్రం దగ్గరకే పోవద్దన్నాడు. బెదిరే గుర్రానికి, అక్కడ బెదరాల్సిందేమీ లేదని నెమ్మదిగా చూపించమన్నాడు. దానికి తనంతట తాను అందుకోలేని చోట చేత్తో రాయమన్నాడు.

ఈ చివరి మాట దగ్గర కాస్త ఆగుదాం. అందుకోలేని చోటేది? మెడా వీపూ కలిసే దగ్గర, మూపు. స్నేహంగా ఉన్న రెండు గుర్రాలను చూడండి. ఒకదాని తల రెండోదాని తోకవైపు పెట్టి నిలబడి, ఒకదాని మూపు ఒకటి పళ్ళతో మెల్లగా గోక్కుంటాయి. అరుగు మీద కూర్చుని ఒకరికొకరు పేలు చూసుకునే అమ్మలక్కల్లాగే! ఆ ముఖాల్లో అంత సుఖం. 1993లో ఫ్రాన్సులో కామార్గ్ గుర్రాల మూపు మీద మనిషి చేత్తో అలాగే గోకి, గుండె కొట్టుకోవటం లెక్కపెట్టారు. నెమ్మదించింది. ఇంకోచోట గోకితే నెమ్మదించలేదు. జెనోఫన్‌ను తలుచుకుని నేను చప్పట్లు కొట్టాను.

మీ ముఖం కూడా చదువుతుంది, తెలుసా? బెర్లిన్‌లో హాన్స్ అనే గుర్రం ఉండేది. వాన్ ఓస్టెన్ అనే పంతులుగారు దానికి లెక్కలు నేర్పారు. ఎన్నో చెప్పమంటే గిట్టతో అన్నిసార్లు నేలను కొట్టేది. ఊరంతా విరగబడి చూసింది. 1907లో ఫుంగ్‌స్ట్ అనే శాస్త్రజ్ఞుడు గుట్టు విప్పాడు. సరైన అంకె రాగానే అడిగినవాడి తల, వాడికే తెలియకుండా, రవ్వంత కదులుతుంది. హాన్స్ అది కనిపెట్టి ఆపేస్తుంది. "ఓస్, లెక్కలు రావన్నమాట" అని చాలామంది పెదవి విరిచారు. ఎంత అన్యాయం! మనుషులకే తెలియని మనుషుల కదలికను చదవటం లెక్కలకన్నా తక్కువ విద్యా? నన్నడిగితే హాన్స్‌కి శాలువా కప్పాలి.

ఇంగ్లండులోని ససెక్స్ విశ్వవిద్యాలయం వాళ్ళు 2016లో గుర్రాలకు ఫొటోలు చూపించారు. కోపపు ముఖం చూస్తే గుండె వేగం తొందరగా పెరిగిందట. 2018లో ఇంకో ముచ్చట. పొద్దున చిరాకు ముఖం ఫొటో చూపించి, తర్వాత అదే మనిషిని మామూలు ముఖంతో పంపిస్తే, గుర్రాలు అతన్ని ఎడమ కంటితో ఎక్కువసేపు చూశాయి. అపాయం అనిపించినవాటిని అవి చూసే కన్ను అది. కాబట్టి ఇంట్లో పోట్లాడి గుర్రం దగ్గరకు వెళ్ళకండి. దానికి తెలిసిపోతుంది.

మరి అది మనకేమైనా చెప్పగలదా? అడిగే తీరిక ఉంటే చెబుతుంది. నార్వేలో 23 గుర్రాలకు మూడు గుర్తులు నేర్పారు. దుప్పటి కప్పమనటానికి ఒకటి, తియ్యమనటానికి ఒకటి, ఇలాగే బాగుందనటానికి ఒకటి. ముక్కుతో గుర్తును ముట్టుకోవాలి. అన్నీ నేర్చుకున్నాయి. వానా చలీ ఉన్నప్పుడు కప్పమన్నాయి, ఎండ కాస్తే తియ్యమన్నాయి. మీ ఇంట్లో ఫ్యాను దగ్గర ఇంత సామరస్యంగా మాట్లాడుకుంటున్నారా, నిజం చెప్పండి?

ఇంత దూరం వచ్చి మన నలుడిని తలుచుకోకపోతే ఎలా! జూదంలో రాజ్యం పోయి, రూపం మారి, బాహుకుడనే పేరుతో అయోధ్య రాజు ఋతుపర్ణుడి కొలువులో ఉన్నాడు. నలుడి భార్య దమయంతికి రెండో స్వయంవరమని కబురొచ్చింది. ఒక్క రోజులో ఆమె పుట్టిల్లు విదర్భ చేరాలి. బాహుకుడు ఏరికోరి బక్క గుర్రాలు తెచ్చాడు. ఇవేం గుర్రాలయ్యా అని రాజు గొణిగాడు. రాజు రథమెక్కగానే ఆ గుర్రాలు మోకాళ్ళ మీద కూలబడ్డాయి. అప్పుడు నలుడు ఏం చేశాడో వ్యాసభారతం చూడండి. వాటిని అనునయించాడు. పగ్గాలతో మెల్లగా లేపాడు. ఆ తర్వాత ఆ బక్క గుర్రాలే రథాన్ని ఎగరేసుకుపోయాయి. ఋతుపర్ణుడి ఉత్తరీయం జారిపడింది. "ఆపు, తెచ్చుకుందాం" అనేసరికి అది ఆమడ దూరాన ఉండిపోయింది!

ఈ కథ అందరికీ తెలుసు. నాకు ప్రాణమైన ముక్క దాని తర్వాత ఉంది. నలుడి సొంత గుర్రాలు అప్పటికే విదర్భ రాజధాని కుండినపురంలో ఉన్నాయి. నలుడి పాత సారథి వార్ష్ణేయుడు, నలదమయంతుల పిల్లల్ని దింపటానికి తోలుకొచ్చి అక్కడే వదిలేశాడు. ఈ రథం చప్పుడు ఊళ్ళోకి వినపడగానే అవి, వెనకటికి నలుడు దగ్గరున్నప్పటిలాగే సంబరపడ్డాయట. వికారపు రూపంతో ఉన్న బాహుకుడు నలుడేనా అని దమయంతి ఆ తర్వాత ఎన్నో పరీక్షలు పెట్టింది. గుర్రాలకు రథం చప్పుడే చాలింది. చేతి తీరు గుర్తుపెట్టుకున్నాయి. అశ్వహృదయమనే విద్య నలుడికి ఉందంటే నేనెందుకు నమ్మను?

మరి మీరు గుర్రాన్ని కలిసేదెప్పుడు? బీచ్‌లోనో పెళ్ళి ఊరేగింపులోనో ఎదురైతే ముందు యజమానిని అడగండి. సరేనంటే, ఎదురుగా వెళ్ళకండి, వెనక నుంచి అసలే వద్దు. భుజం వైపు నుంచి, మాట్లాడుతూ మెల్లగా వెళ్ళండి. చెయ్యి చాచి ఆగండి, వాసన చూడనివ్వండి. అది తల తిప్పేసుకుంటే ఇవాళ్టికి వద్దన్నదన్నమాట, మర్యాదగా వెనక్కి రండి. ఒప్పుకుంటే మూపు మీద గోకండి. పై పెదవి సాగదీసి వణికించిందా? నచ్చిందన్నమాట. ఉలవ గుగ్గిళ్ళు పెట్టమంటే అరచేయి బల్లపరుపుగా చాచి పెట్టండి. మూతి కింద ఉన్నది దానికి కనబడదు, పెదవులతో తడుముకుని తింటుంది. మీ వేళ్ళేవో గుగ్గిళ్ళేవో దానికి తేడా తెలియాలి కదా!

దారిలో ఎవరైనా "రౌతు మెత్తనైతే" అని మొదలుపెడితే అక్కడే ఆపండి. మెత్తగా పట్టుకుని, వేళకు వదలటం తెలిసిన రౌతు దగ్గర గుర్రం నాలుగు కాళ్ళ మీదే నడుస్తుంది, పిలిస్తే వస్తుంది కూడా అని నా మాటగా చెప్పండి.