కుదురు

గుండ్రటి అడుగున్న కుండ గచ్చు మీద నిలవదు. కాస్త చెయ్యి తగిలితే దొర్లుతుంది. అందుకే మా అమ్మమ్మ ఎండుగడ్డి మెలిపెట్టి, చుట్టగా చుట్టి, దాని మీద కుండ పెట్టేది. కడగడానికి కుండ తీసినప్పుడు ఆ కుదురును చూసేవాణ్ణి. గడ్డి అణిగి, కుండ అడుగు అచ్చు పడి ఉండేది. 15 లీటర్ల నీళ్లంటే 15 కిలోలు. అంత బరువు కిందికి నొక్కుతుంటే, అణిగిన గడ్డి సరిగ్గా అంతే బలంతో పైకి నెడుతూ ఉండేది, రాత్రీ పగలూ. "కుదురుగా కూర్చోరా" అని నన్ను గదమాయించేటప్పుడు అమ్మమ్మ వాడిన మాట కూడా అదే.

హైదరాబాద్ రాళ్లను చూసినప్పుడల్లా నాకా కుదురే గుర్తొస్తుంది. ఒకదాని మీద ఒకటి ఎవరో ఎత్తి పేర్చినట్టుంటాయి. ఎవరూ పేర్చలేదు. సుమారు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్ అది. పగుళ్ల వెంట నీళ్లు దిగి మూలల్ని తినేశాయి, మెత్తబడ్డ మట్టి వానలకు కొట్టుకుపోయింది, గట్టి గుండ్లు ఉన్నచోటే మిగిలాయి.

ఘనమీటరు గ్రానైట్ దాదాపు 2.6 టన్నులు తూగుతుంది. మూడేసి మీటర్ల పొడవు, వెడల్పు, ఎత్తు ఉన్న బండ అయితే 70 టన్నులు. కింది రాయి దాన్ని అంతే బలంతో పైకి నెడుతోంది. గడ్డిలాగే రాయీ అణుగుతుంది, మన కంటికి ఆననంత. అయితే బలాలు సమానమైతే చాలదు, రెండూ ఒకే గీత మీద ఎదురెదురుగా ఉండాలి. బండ బరువుకు నడిమధ్య ఉన్న చోటునుంచి మేస్త్రీ తూకం గుండు వేలాడదీయగలిగితే, ఆ దారం రెండు రాళ్లూ ఆనుకున్న మేరలోనే పడాలి. అది దాటితే బండ ఒరిగిపోతుంది. ఇన్ని వేల వానలు కోస్తూ వచ్చినా ఆ దారం ఇంకా లోపలే పడుతోందంటే, నాకు ఒళ్లు గగుర్పొడుస్తుంది.

ఇలా ఎదురెదురు బలాలు సమానమైన చోట ఫలిత బలం సున్నా అని బడిలో చెప్పగానే పిల్లలు అక్కడ అసలు బలాలే లేవనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను. బోర్డు మీద రెండు బాణాలు గీసే ముందు ఒక్కసారి వాళ్లకు కుదురు చూపిస్తే ఎంత బాగుంటుంది!

ఆమధ్య ఇళ్ల స్థలాల కోసం గుండ్లు పగలగొట్టిన చోటికి వెళ్లాను. కింది బండ ఎండకూ వానకూ నల్లబడి ఉంది. పై గుండు ఆనిన జానెడు మేర మాత్రం లేత రంగులో, కొత్తగా ఉంది. వంగి, దాని మీద అరచెయ్యి ఆనించి కాసేపు అక్కడే కూర్చున్నాను.