స్పీకర్ డబ్బాలో దూది, గొర్రె ఉన్ని

స్పీకర్ కోను గాలిని ముందుకు ఎంత తోస్తుందో వెనక్కీ అంతే తోస్తుంది. వెనక్కి వెళ్లిన మోత డబ్బా గోడలకు కొట్టుకుని, పల్చటి కోను గుండానే మళ్లీ బయటపడుతుంది. ఇంట్లో చేసిన డబ్బాల్లో గొంతు డొల్లగా వినిపించేది ఎక్కువగా అందుకే. ఎదురెదురు గోడల మధ్య 34 సెంటీమీటర్ల ఎడముంటే సుమారు 500 హెర్ట్జ్ దగ్గర లోపలి గాలి ఊగిపోతుంది. మనిషి మాట పలికే మేర అది.

డబ్బాలో పీచు పెడితే గాలి దాని సందుల్లో ఒరుసుకుని, ఆ ఊపు కాస్తా వేడిగా మారుతుంది. అయితే గోడ పక్కన గాలి దాదాపు కదలదు. ఆ 500 హెర్ట్జ్ ఊపు జోరంతా డబ్బా నడిమధ్యనే. గోడలకు పల్చగా స్పాంజి అంటించి ఊరుకుంటే సన్నని మోతలు తగ్గుతాయేమో గానీ, డొల్లతనం పోదు.

ఏ పీచు మంచిది? గద్వాల వైపు సీడు పత్తి పండుతుంది కాబట్టి మొదట తట్టేది దూదే. పనిచేస్తుంది, కాకపోతే కొన్నాళ్లకు అణిగి అడుగున ముద్దవుతుంది, ఎలుకలకూ ఇష్టం. వనపర్తి, నాగర్‌కర్నూల్ పల్లెల్లో కురుమలు గొంగళ్లు నేసే దక్కనీ గొర్రె ఉన్ని ఇంతకంటే నయం. ముతక పీచు, నొక్కినా మళ్లీ పొంగుతుంది. 1965లో ఇంగ్లండులో ఏ.ఆర్. బెయిలీ తన స్పీకర్ పెట్టె నమూనాకు ఎంచుకున్నదీ పొడుగు పీచు ఉన్నినే. జిడ్డు పోయేలా ఉతికి, ఎండబెట్టి, చిమ్మెట పట్టకుండా చూసుకోవాలి. 1954లో ఎడ్గార్ విల్చర్ ఏఆర్-1 స్పీకర్ పెట్టెలో నింపిన గాజు పీచుకు పురుగు పట్టదు, చేతులకు మాత్రం దురద.

మూసిన డబ్బాకు లీటరుకు 10 నుంచి 15 గ్రాములు, వదులుగా. అలా నింపితే లోపలి గాలి నొక్కుడుకు వేడెక్కడం తగ్గి, డబ్బా ఉన్నదానికంటే పెద్దదైనట్టు నడుస్తుంది. లెక్క ప్రకారం 40 శాతం దాకా, చేతలో అందులో సగం దక్కితే గొప్ప. కూరి కూరి పెడితే అదీ పోతుంది. గాలి బయటికి పోయే గొట్టం ఉన్న డబ్బాను నింపకూడదు. గోడలకు రెండంగుళాల మందాన పరిచి, గొట్టం నోరు వదిలేయాలి.

చెక్క అదిరితే ఉన్ని ఆపలేదు. దానికి లోపల అడ్డ కర్ర, కారు తలుపులకు వేసే తారు షీటు కావాలి. వినాయక చవితి ఊరేగింపుల డీజే బాస్ బాక్సుల్లో పీచు అంతగా కనిపించకపోవడమూ సబబే: 60 హెర్ట్జ్ అలలో నాలుగో వంతే 1.4 మీటర్లు, పిడికెడు ఉన్ని దాన్నేం చేయగలదు!

వెనక పలకను జిగురుతో కాక స్క్రూలతో బిగించాలి. తెలిసిన గొంతు వింటూ పీచు కొంచెం కొంచెంగా కలిపి, మాట తేటపడ్డాక ఆపేయాలి.