నాన్న పద్యాలకు ఏటీఎం కార్డంత కంప్యూటరు

నాన్నకు స్థానం నరసింహారావు గారంటే ప్రాణం. బాపట్లలో పుట్టి, తెనాలి రామవిలాస సభలో సత్యభామ వేషంతో ఊరూవాడా ఊపేసిన మనిషి మరి. ఫోన్లో పద్యం పెడితే రాగం మధ్యలో యాడ్ వచ్చి పడుద్ది. రేపల్లె పక్కన మాకు వానొస్తే నెట్టే ఉండదు.

అందుకే రాస్ప్‌బెర్రీ పై బోర్డు కొన్నా. 5 వోల్టులు చాలు, చప్పుడుండదు. మెమరీ కార్డులో వోల్యూమియో ఎక్కించా, ఉచితమే. పద్యాలన్నీ పెన్‌డ్రైవ్‌లో. బోర్డు సొంత సౌండ్ పల్చగా ఉంది. యూఎస్‌బీ డాక్ పెట్టి పాత ఆంప్లిఫయర్‌కి కలిపాక గొంతు నిండుగా వచ్చింది. ఒక్కసారిగా కరెంటు పోతే కార్డు చెడొచ్చు, ఇన్వర్టర్ మీదే ఉంచండి.

ఇంకా ఎక్కించాల్సిన క్యాసెట్లు 40 ఉన్నాయి. ఒకదాంట్లో ఊరి నాటకంలో నాన్న పాడిన పద్యాలు. ఇప్పుడాయనకు ఆ శ్రుతి అందదు. టేప్‌రికార్డర్ బెల్టు సాగిపోయింది. తెనాలిలో బాగుచేసేవాళ్లు తెలిస్తే చెప్పండి.