మూసీ నుంచి కృష్ణ దాకా కిరాయి కారులో

ఎల్బీనగర్‌లో కారెక్కేసరికి తెల్లవారుజామున నాలుగున్నర. డ్రైవరు ముందుగా సెల్‌ఫోనుతో మీటరు ఫోటో తీశాడు. ఇరవై ఆరేళ్లుంటాయేమో. సన్నగా ఉన్నాడు, చొక్కా మాత్రం శుభ్రంగా ఇస్త్రీ చేసి ఉంది. మోకాలి ఆపరేషను జరిగి పన్నెండు రోజులైన మా అమ్మను ముందు సీట్లో కూర్చోబెట్టి, సీటు వెనక్కి జరిపి, బెల్టు తనే పెట్టాడు. నేను వెనక కూర్చున్నాను. అమ్మ బస్సు మెట్లెక్కలేదు. రైలు దాకా నడవలేదు. అందుకే విజయవాడకు కారు మాట్లాడాను.

ముందురోజు ఫోనులో బేరమాడింది బండి ఓనరుతో. 270 కిలోమీటర్లు పోను, 270 రాను, కిలోమీటరుకు 14 రూపాయలు, టోలు వేరే, డ్రైవరు బత్తా 500. "మేం దిగిపోతాం కదా, రానుపోను ఎందుకివ్వాలి?" అంటే, "బండి ఖాళీగా తిరిగి రావాలి కదండీ" అన్నాడు. అతని మాటలో న్యాయం ఉంది. తిరుగు కిరాయి దొరుకుతుందన్న ధైర్యం ఉన్నవాళ్లే డ్రాపింగ్ ధరకు వస్తారు, దొరక్కపోతే డీజిలు ఖర్చు వాళ్ల నెత్తినే పడుతుంది. కిలోమీటరు రేటు తగ్గలేదు. బత్తా మాత్రం గట్టిగా అడిగి 400 చేయించాను. ఆ వంద రూపాయలు ఎవరి జేబులోంచి తగ్గాయో అప్పుడు ఆలోచించలేదు.

హయత్‌నగర్, పెద్ద అంబర్‌పేట దాటితే ఊరు వదిలినట్టే. ఒకప్పటి తొమ్మిదో నంబరు జాతీయ రహదారి ఇది. ఇప్పుడు 65. పూణే దగ్గర మొదలై మచిలీపట్నంలో సముద్రం దాకా పోతుంది. మా ప్రయాణం అందులో మధ్య ముక్క. పేరుకు రోడ్డే కానీ, నా మటుకు ఇది నీళ్ల వెంట ప్రయాణం. మూసీ ఒడ్డున్న నగరంలో బయల్దేరి, దారిలో మళ్లీ అదే మూసీని దాటి, తర్వాత పాలేరు, ఆపైన మున్నేరు దాటి కృష్ణ దగ్గర దిగుతాం. ఆ మూడూ చివరికి కృష్ణలో కలిసేవే.

పంతంగి టోలుగేటు దగ్గర అంత పొద్దున్నే లైను లేదు. సంక్రాంతి ముందు టీవీల్లో చూపించే గేటు ఇదే. పసుపుపచ్చ ప్లేటు మీద నల్ల అంకెలున్న బళ్లు కొన్ని మా ముందున్నాయి. కిరాయికి తిప్పే బండికి మామూలుగా ఉండేది ఆ ప్లేటే. తెల్ల ప్లేటు బండి రెండు రూపాయలు తక్కువకు వస్తానంటే ఒప్పుకోవద్దని నా మాట. దానికి పర్మిట్ ఉండదు. బీమా సొంత వాడకానికని రాసి ఉంటుంది కనుక, జరగరానిది జరిగితే కంపెనీ అభ్యంతరం చెప్పే వీలుంది.

టోలుగేటు దాటాక అద్దంలో డ్రైవరు కళ్లు చూశాను. రెప్పలు బరువుగా వాలి, ఉలిక్కిపడి లేస్తున్నాయి. కిటికీ అద్దం దించాడు. బుగ్గలో ఏదో వేసుకున్నాడు. పాట పెట్టాడు.

"తమ్ముడూ, రాత్రి పడుకున్నావా?"

"కొంచెం పడుకున్న సార్."

"ఎంతసేపు?"

కాసేపు జవాబు లేదు. "తిరుపతి కిరాయి పోయొచ్చిన సార్. ఒంటిగంటకు ఎయిర్‌పోర్టుల దించిన. మూడింటికి ఓనరు ఫోన్ చేసిండు."

అమ్మ అతనివైపు తిరిగింది. "ముందు బండి ఆపు నాయనా. మాకేం తొందర లేదు. కాసేపు పడుకో."

"లేటైతదమ్మా."

"అయితే అవనీ."

నార్కట్‌పల్లి దగ్గర రోడ్డు పక్క హోటలు ముందు ఆపాడు. పర్మిట్ ఉందా, ఏసీ పనిచేస్తుందా, సీట్లు శుభ్రంగా ఉన్నాయా అని ఓనరును నేను అడిగాను. డ్రైవరు నిద్రపోయాడా అని అడగలేదు. హోటలాయన చెట్టు కింద మంచం చూపించాడు. డ్రైవరు చెప్పులు విప్పి, మంచం మీద పడుకున్న నిమిషంలోపే నిద్రపోయాడు. మేం చాయ్ తాగుతూ గంటన్నర అక్కడే కూర్చున్నాం.

అద్దంకి రోడ్డు చీలేది అక్కడే. 2018 ఆగస్టు 29 తెల్లవారి నటుడు నందమూరి హరికృష్ణ ఆ దారిలోనే నల్గొండ దగ్గర అన్నెపర్తిలో కారు ప్రమాదంలో చనిపోయారు. పెళ్లికని నెల్లూరు జిల్లా వెళుతున్నారు, బండి ఆయనే నడుపుతున్నారు. అంతకు దాదాపు నాలుగేళ్ల ముందు, 2014 డిసెంబరులో, ఆయన పెద్దకొడుకు జానకిరామ్ మేం పోతున్న ఈ రోడ్డు మీదే మునగాల దగ్గర ఆకుపాములలో ట్రాక్టరు ఎదురై పోయారు. ఒక్కో ప్రమాదానికి ఒక్కో కారణం. కానీ అందరికీ తెలిసిన ఆ ఇంటికే రెండుసార్లు జరిగింది కనుక, ఈ దారిన పోయేటప్పుడు అమ్మ ఆ పేర్లు తలుచుకోకుండా ఉండదు.

నిద్ర లేచాక డ్రైవరు మొహమే మారింది. నకిరేకల్ దాటుతుండగా మాటలు వచ్చాయి. అతనిది సూర్యాపేట పక్క పల్లె. బండి తనది కాదు. నెలకింత జీతమని ఉన్నా, ఇల్లు గడిచేది బత్తాతోనే. రెండు పూటల తిండి, చాయ్, బాత్రూమ్ ఖర్చు అందులోంచే. మిగిలింది ఇంటికి. తిరుపతిలో కొండ మీద యాత్రికులు గదిలో పడుకుంటే, అతను కారు సీటు వాల్చి, అద్దాలు రెండు వేళ్లు దించుకుని పడుకున్నాడు. అద్దాలు దించితే దోమలు, మూస్తే ఉక్క. "నైట్ హాల్ట్ పైసలిస్తరు సార్, రూము ఇయ్యరు" అన్నాడు. అందులో ఫిర్యాదేమీ లేదు, వానొస్తే తడుస్తాం అన్నట్టు చెప్పాడు.

1961లో వచ్చి 2025 దాకా అమల్లో ఉన్న మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు మించి పని చేయించరాదని రాసింది. దూర ప్రయాణాలకు అనుమతితో 10 గంటలు. అయితే అది కనీసం ఐదుగురు పనివాళ్లున్న సంస్థలకే వర్తించేది. మన ఊళ్లలో కార్లు తిప్పే ఓనర్లలో చాలామందికి ఉన్నవి రెండు మూడు బళ్లు. డ్రైవరే ఓనరైతే ఫైనాన్స్ వాయిదా అతన్ని పడుకోనివ్వదు. రాత్రి పదికి బయల్దేరి పొద్దున్నకల్లా చేరాలనీ, దర్శనం కాగానే వెనక్కి మళ్లాలనీ పట్టుబట్టేది మనమే. లాడ్జి ఖర్చు తప్పుతుందని రాత్రి ప్రయాణం పెట్టుకుంటాం. ఆ ఆదా మొత్తం అతని నిద్రలోంచి వస్తోంది.

కొర్లపహాడ్ టోలుగేటు దాటాక మూసీ వచ్చింది. హైదరాబాదులో ముక్కు మూసుకుని దాటే నదే. ఇక్కడ విశాలంగా, పొలాల మధ్య ఉంది. ఇక్కణ్ణుంచి అది దక్షిణంగా వాడపల్లికి పోయి కృష్ణలో కలుస్తుంది. మేం తూర్పుకు పోతాం. సూర్యాపేటతో సగం దూరం. డ్రైవరు దురాజ్‌పల్లి గుట్ట చూపించి, రెండేళ్లకోసారి లింగమంతుల జాతరకు ఈ రోడ్డు మీద బళ్లు మళ్లిస్తారని చెప్పాడు. జాతర రోజుల్లో ఎంత కిరాయి వచ్చినా పోడట.

కోదాడ దాటి పాలేరు. ఒకప్పుడు ఇది నల్గొండ, కృష్ణా జిల్లాల మధ్య హద్దు. 2014 జూన్ 2 నుంచి రెండు రాష్ట్రాల హద్దు. మరుసటి ఏప్రిల్ నుంచి తెలంగాణ ఆంధ్ర బళ్లకు ప్రవేశ పన్ను మొదలుపెట్టినప్పుడు ఈ దారి డ్రైవర్లు చాలా ఇబ్బంది పడ్డారు. ఇప్పుడు ఆలిండియా టూరిస్ట్ పర్మిట్ ఉన్న బండికి హద్దు దగ్గర విడిగా కట్టే పనిలేదు. 2024 సెప్టెంబరు మొదట్లో వచ్చిన వరదకు ఇక్కడ వంతెన దగ్గర రోడ్డు కోసుకుపోయింది. అవతల నందిగామ దాటాక ఐతవరం దగ్గర మున్నేరు హైవే మీదికి వచ్చింది. బళ్లను నార్కట్‌పల్లి నుంచి మిర్యాలగూడ, గుంటూరు మీదుగా పంపారు. ఆ రోజుల్లో చుట్టు తిరిగిన కిలోమీటర్ల డబ్బు కొందరు ఇవ్వలేదని అతను చెప్పాడు. అలాంటి లెక్క ఎక్కేముందే మాట్లాడుకోవాలి.

కీసర దగ్గర మున్నేరు మేం దాటిన రోజు పలచగా, ఇసుక పాయల మధ్య పారుతోంది. కంచికచర్ల, ఆపైన ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రం పొగగొట్టాలు, ఎడమవైపు కొండపల్లి కొండలు. గొల్లపూడి వచ్చేసరికి అమ్మ కిటికీకి మొహం ఆనించి కృష్ణ కోసం చూస్తోంది.

ఇంటి ముందు మళ్లీ మీటరు ఫోటో. బత్తా 500 ఇచ్చాను, పైన కొంత. అమ్మ అతన్ని వెంటనే పోనివ్వలేదు. పప్పు, గోంగూర పచ్చడి వేసి అన్నం పెట్టించి, ముందుగదిలో చాప పరిపించి ఫ్యాను వేసింది. సాయంత్రం ఐదింటిదాకా నిద్రపోయాడు. ఓనరు మధ్యలో రెండుసార్లు ఫోన్ చేశాడు. నేనే ఎత్తి, ఆలస్యానికి కారణం మేమేనని చెప్పాను.

మీరు కారు మాట్లాడేటప్పుడు ఓనరుతో రేటు తేల్చుకున్నాక డ్రైవరు నంబరు అడిగి తీసుకోండి. ముందురోజు సాయంత్రమే అతనికి ఫోన్ చేసి, ఈ రాత్రి ఎక్కడ ఉంటావు, ఎన్ని గంటలు పడుకుంటావు అని అడగండి. ఆరు గంటలకు తక్కువైతే మీ ప్రయాణం పొద్దెక్కాక పెట్టుకోండి. ఊరుగాని ఊళ్లో రాత్రి ఆగితే, మీ గదితోపాటు అతనికో మంచం కూడా మాట్లాడండి.