ఊలు దారంతో డాన్యూబ్ యాత్ర

పిల్లలు యూరప్ నదుల పాఠం బట్టీ పట్టడం మీరు వినే ఉంటారు. పొడవు ఇంత, పుట్టింది ఫలానా చోట, కలిసేది ఫలానా సముద్రంలో, అంతే! పరీక్ష అయిన మర్నాడు అడిగితే ఒక్క ముక్క గుర్తుండదు. అదే నదిని కథలా చెప్పి చూడండి. దానికి మనం పెద్ద చదువులు చదివుండక్కర్లేదు. ఇంట్లో ఉన్న అట్లాసు, జానెడు నీలం ఊలు దారం, నాలుగు బొట్టుబిళ్ళలు, పది కందిపప్పు బద్దలు చాలు.

యూరప్ మ్యాపు తీసి జర్మనీ నైరుతి మూలన దారం కొస పెట్టండి. అక్కడ బ్లాక్ ఫారెస్ట్ అనే అడవి కొండలున్నాయి. బ్రెగ్, బ్రిగాక్ అనే రెండు చిన్న ఏర్లు కలిసి డాన్యూబ్ అవుతాయి. అక్కణ్ణుంచి నల్లసముద్రం దాకా సుమారు 2,850 కిలోమీటర్లు, అంటే మన గోదావరికి దాదాపు రెట్టింపు. యూరప్‌లో దీనికంటే పొడవైనది ఓల్గా ఒక్కటే.

కొంచెం దూరం పోగానే ఓ వింత. ఇమ్మెండింగెన్ అనే ఊరి దగ్గర సున్నపురాయి నేలలోకి నది నీళ్ళు ఇంకిపోతాయి. వేసవిలో చాలా రోజులు అక్కడ ఏరు ఎండిపోయే ఉంటుంది. ఆ నీళ్ళు ఓ 12 కిలోమీటర్ల అవతల ఊటగా పైకొచ్చి రైన్ నదిలో కలిసి ఉత్తర సముద్రానికి పోతాయి. ఒక తల్లి కూతుళ్ళు చెరో దిక్కు ఊరికి కాపురానికి వెళ్ళినట్టన్నమాట! పిల్లలు ఇక్కడ తప్పకుండా చెవులు రిక్కిస్తారు.

ఇప్పుడు దారాన్ని తూర్పుకి పరుస్తూ బొట్టుబిళ్ళలు అంటించండి. వియన్నా, బ్రాటిస్లావా, బుడాపెస్ట్, బెల్‌గ్రేడ్. ఇలా నాలుగు రాజధానుల గుండా పారే నది ప్రపంచంలో మరొకటి లేదు. బుడా ఓ ఒడ్డున, పెస్ట్ రెండో ఒడ్డున విడివిడి ఊళ్ళుగా ఉండేవి. 1873లో పక్కనున్న ఓబుడాతో సహా కలిసి ఒకే ఊరయ్యాయి.

సెర్బియా, రొమేనియాల మధ్య కొండలు నదిని నొక్కేస్తాయి. పాపికొండలు చూసిన పిల్లలకి ఇది చప్పున అర్థమవుతుంది. ఆ చోటి పేరు ఐరన్ గేట్స్, అంటే ఇనుప ద్వారాలు. 1972లో అక్కడ డ్యాము పూర్తయింది. దాని కరెంటు రెండు దేశాలూ పంచుకుంటాయి. చివర్లో నది పాయలుగా చీలి సముద్రంలో కలుస్తుంది. అక్కడి రెల్లు పొదల్లో గూడబాతులు బోలెడు.

ఇక పప్పు బద్దలు. జర్మనీ, ఆస్ట్రియా, స్లొవేకియా, హంగేరీ, క్రొయేషియా, సెర్బియా, రొమేనియా, బల్గేరియా, మాల్డోవా, ఉక్రెయిన్, ఒక్కో దేశం మీద ఒక్కోటి పెట్టించండి. మాల్డోవాకి దక్కిన ఒడ్డు కిలోమీటరు కూడా లేదు!

"ఇంతమంది ఒక నదిని ఎలా వాడుకుంటారమ్మా?" అని మీవాడు అడిగితే ఇది చెప్పండి. నదిని కలిసి కాపాడుకుందామని 1994లో ఈ దేశాలు చాలావరకు ఒప్పందం రాసుకున్నాయి. అయినా 2000 జనవరిలో రొమేనియాలో ఒక బంగారు గని వ్యర్థాల చెరువు గట్టు తెగింది. సైనైడ్ కలిసిన నీళ్ళు టీసా అనే ఉపనది మీదుగా డాన్యూబ్‌లోకి వచ్చాయి. గట్టు తెగింది ఒక దేశంలో, చేపలు కుప్పలుగా చచ్చింది పక్క దేశం హంగేరీలో. పైనున్నవాళ్ళు జాగ్రత్తగా లేకపోతే కిందివాళ్ళకి ఏమవుతుందో పిల్లలకి ఇంకెవరూ వేరే చెప్పక్కర్లేదు.

అంతా అయ్యాక దారం తీసేసి, ఈసారి వాళ్ళనే పరచమనండి. రాజధానుల పేర్లు మీరు అందించకుండానే వచ్చేస్తాయి.